ఓటీటీ ఉండగా డిస్కు కొనదగ్గ సినిమాలు ఏవి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. 65 అంగుళాల 4కే టీవీ కొన్నారు, దానితో పాటు అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రే ప్లేయరు కూడా తీసుకున్నారు. రెండు ఓటీటీలకు ఇప్పటికే చందా కడుతున్నారు. మంచి డిస్కు ఒక్కొక్కటి వేలల్లో ఉంది కాబట్టి ఏడాదికి ఆరేడుకు మించి కొనలేరు. ఆ ఆరేడు ఏవి కావాలి? నాన్నగారికి ఇష్టమైన పాత తెలుగు సినిమాల సంగతేమిటి?

ముందు జవాబు చెప్పేస్తాను. లారెన్స్ ఆఫ్ అరేబియా, సత్యజిత్ రాయ్ అపు త్రయం, 2001: ఎ స్పేస్ ఒడిస్సీ, ది రెడ్ షూస్, ప్లేటైమ్, సెవెన్ సమురాయ్, డన్‌కర్క్. ఏడు పెట్టెలకే డబ్బుంటే నేను కొనేవి ఇవి. పాత తెలుగు సినిమాల విషయం చివర్లో రాస్తాను, దానికి ఒక్క ముక్కలో జవాబు లేదు.

నేను ఇరవై రెండేళ్లు చెన్నైలోనూ ఆ తర్వాత హైదరాబాదులోనూ టెలిసినీ, కలర్ గ్రేడింగ్ గదుల్లో పని చేశాను. నెగటివ్‌ను స్కాన్ చేసి, షాటు తర్వాత షాటుకు వెలుగు, రంగు సరిచేయడం నా వృత్తి. ఇంట్లో ఆరువందల పైచిలుకు డిస్కులు ఉన్నాయి. అందుకే నా ఎంపిక కథను బట్టి సాగలేదు. గొప్ప సినిమాలు వందలున్నాయి, వాటిలో చాలావాటిని ఓటీటీలో చూసినా పోయేది పెద్దగా ఉండదు. ఇద్దరు మనుషులు ఒక గదిలో కూర్చుని మాట్లాడుకునే సినిమా ఎంత గొప్పదైనా దాని ప్రాణం మాటల్లో ఉంటుంది. డిస్కు కొనవలసింది ప్రాణం బొమ్మలోనూ శబ్దంలోనూ ఉన్న సినిమాకు, అందులోనూ ఓటీటీ కుదింపు సరిగ్గా ఆ ప్రాణం మీదే దెబ్బ కొట్టే సినిమాకు.

ఆ దెబ్బ ఎక్కడ పడుతుందో చెబుతాను. ఓటీటీలో 4కే సినిమా సాధారణంగా సెకనుకు 15 నుంచి 25 మెగాబిట్ల వేగంతో మీ ఇంటికి చేరుతుంది. అల్ట్రా హెచ్‌డీ డిస్కు 100 గిగాబైట్ల వరకు పట్టగలదు, గరిష్ఠ వేగం సెకనుకు 128 మెగాబిట్లు. రెంటి మీదా 4కే అనే రాసి ఉంటుంది, చుక్కల లెక్కా ఒకటే. కానీ ఒక్కో చుక్క గురించి చెప్పడానికి ఉన్న చోటు సగటున చూసినా మూడు, నాలుగు రెట్లు తేడా. చోటు చాలనప్పుడు కుదించే యంత్రం ముందు దేన్ని వదిలేస్తుంది? పొగ, మంచు, వాన, ఇసుక, చీకట్లోని గోడ, గడ్డి, ఫిల్ము మీద కదిలే సన్నటి రేణువులు, అంటే గ్రెయిన్. కదులుతూ, సన్నగా, ఒక క్రమం లేకుండా ఉండేవన్నీ దానికి బరువే. ఛాయాగ్రాహకులు ఎక్కువ చెమటోడ్చేది కూడా వీటి మీదే.

శబ్దం సంగతీ అంతే. డిస్కు మీద శబ్దం ఏమీ పోకుండా ఉంటుంది, ఓటీటీలో కుదించినది వస్తుంది. టీవీకున్న చిన్న స్పీకర్లతో వింటే తేడా తెలియదు. మంచి స్పీకర్లు ఉంటే మాత్రం మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది.

ఇప్పుడు సినిమాల దగ్గరికి వస్తాను.

లారెన్స్ ఆఫ్ అరేబియా (1962). డేవిడ్ లీన్ దర్శకత్వం, ఫ్రెడ్డీ యంగ్ ఛాయాగ్రహణం, మామూలు 35 మిల్లీమీటర్ల ఫిల్ము కంటే వెడల్పైన 65 మిల్లీమీటర్ల నెగటివ్. బావి దగ్గరి దృశ్యం మీకు గుర్తుండే ఉంటుంది. లారెన్స్, అతని వెంట వచ్చిన మనిషి నీళ్లు తోడుకుంటుంటారు. దూరాన ఎండమావిలో ఏదో కదులుతుంది. అది ఒంటె మీద వస్తున్న నటుడు ఒమర్ షరీఫ్. ఈ ఒక్క షాటు కోసం 482 మిల్లీమీటర్ల పొడవైన లెన్సు వాడారు. నేను దీన్ని ఓటీటీలోనూ డిస్కులోనూ ఒకే తెర మీద పక్కపక్కన పెట్టి చూశాను. ఓటీటీలో మొదటి కొన్ని సెకన్లు ఆ నల్లచుక్క ఉన్న చోట ఆకాశం చిన్న చిన్న గళ్లుగా విడిపోయి, చుక్క కనబడుతూ మాయమవుతూ, ఆ తర్వాత ఒక్కసారిగా మనిషైపోయింది. డిస్కులో అలా లేదు. ముందు గాలి వణికింది. ఆ వణుకులో ఒక మరక. మరక కింద నీళ్లలాంటి మెరుపు, అందులో దాని నీడ. మరకకు కాళ్లు వచ్చాయి. వస్తున్నది మనిషా, భ్రమా అన్న అనుమానంతో ఆ ఇద్దరూ ఎలా కళ్లప్పగించి చూస్తున్నారో మనమూ అలాగే చూస్తాం. దృశ్యానికి ఉన్న అర్థమే ఆ అనుమానం. బొమ్మ గళ్లుగా విడిపోతే అది చచ్చిపోతుంది.

2012లో ఈ సినిమా నెగటివ్‌ను 8కేలో స్కాన్ చేసి 4కేలో పునరుద్ధరించారు. నెగటివ్ మీది పూత పగుళ్లు పట్టి, నిలువు చారలుగా కనిపించేచోట్లను ఒక్కొక్కటే సరిచేశారు. దాదాపు నాలుగు గంటల సినిమాను కుదించి ఒకే డిస్కులో ఇరికించకుండా, 4కేలో రెండు డిస్కుల మీద ఇచ్చారు. మధ్యలో లేచి డిస్కు మార్చాలి, నిజమే. అది ఎలాగూ విరామం ఉన్న సినిమాయే, కాబట్టి ఇబ్బంది ఏమీ లేదు.

అపు త్రయం. పథేర్ పాంచాలి (1955), అపరాజితో (1956), అపూర్ సంసార్ (1959). నా దగ్గరున్న ఆరువందల డిస్కుల్లో ఒక్క పెట్టె మాత్రమే ఉంచుకోమంటే ఉంచుకునేది ఇదే. 1993లో లండన్‌లోని ఒక లాబొరేటరీలో జరిగిన అగ్నిప్రమాదంలో ఈ మూడు సినిమాల మూల నెగటివ్‌లు కాలిపోయాయి. మాడి, వంకరపోయి, అంచులు కరిగి అతుక్కుపోయిన రీళ్లను పారేయకుండా అమెరికాలో ఆస్కార్ అవార్డులిచ్చే అకాడమీ వారి ఆర్కైవ్ దాచి ఉంచింది. ఇరవై ఏళ్ల తర్వాత ఇటలీలోని బొలోన్యా నగరంలో ఉన్న లిమాజినే రిత్రోవాతా అనే పునరుద్ధరణ సంస్థలో పెళుసెక్కిన ఆ ఫిల్ముకు రసాయనాలతో తేమ పట్టించి, ముక్కలు విడదీసి, ఫిల్మును పళ్లచక్రం లాగడానికి అంచున ఉండే రంధ్రాలను చేత్తో అతికారు. మొదటి రెండు సినిమాల్లో పనికొచ్చిన నెగటివ్ భాగాలను స్కాన్ చేశారు. మిగతా చోట్ల, మూడో సినిమాకు పూర్తిగానూ, వేరే మంచి ప్రతులను ఆధారం చేసుకున్నారు. 2015లో అమెరికాలోని క్రైటీరియన్ సంస్థ బ్లూ-రేగా విడుదల చేసింది.

వృత్తిరీత్యా నేను కాలిన ఫిల్ము చేత్తో పట్టుకున్నాను. వేళ్ల మధ్య అది ఎండుటాకులా పొడి అవుతుంది. అందుకే ఆ పెట్టెను తెరిచినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. అపు, అతని అక్క దుర్గ రెల్లుపూల మధ్య నిలబడి రైలు కోసం చెవులు రిక్కించే దృశ్యం చూడండి. తెల్లటి రెల్లు కుచ్చులు వేలకొద్దీ గాలికి ఊగుతుంటాయి. మా చిన్నతనంలో ఈ సినిమాను అరిగిపోయిన 16 మిల్లీమీటర్ల ప్రింటులో ఫిల్మ్ సొసైటీ గోడ మీద చూశాం. అక్కడ ఆ రెల్లు పొలం ఒక తెల్లటి మబ్బులా ఉండేది. డిస్కులో ఒక్కో కుచ్చు వేరుగా ఊగుతుంది.

అపరాజితోలో కాశీ ఇంటి లోపలి వెలుగును ప్రత్యేకంగా గమనించమని అడుగుతాను. ఆ ఇంటి ముంగిలి నిజానికి స్టూడియోలో వేసిన సెట్టు. ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర లైట్లను నేరుగా నటుల మీద వేయకుండా, పైన కట్టిన తెల్లటి గుడ్డ మీదికి కొట్టి, అక్కడి నుంచి జారిన వెలుగుతో తీశాడు. పైన ఆకాశం తెరుచుకుని ఉన్న పాత ఇళ్లలో పగటి వెలుగు ఎలా దిగుతుందో అలాగే ఉంటుంది. తెలుపుకూ నలుపుకూ మధ్య బూడిద రంగులో ఎన్ని మెట్లుంటాయో ఆ షాట్లలో లెక్కపెట్టవచ్చు. కుదించిన బొమ్మలో ఆ మెట్లు సగం పోయి, గోడ మీద చారలు చారలుగా కనిపిస్తుంది.

2001: ఎ స్పేస్ ఒడిస్సీ (1968) కూడా 65 మిల్లీమీటర్ల నెగటివే, 4కే డిస్కు 2018లో వచ్చింది. ఇందులో నల్లటి ఆకాశమే ముఖ్య పాత్ర. నలుపు నిజంగా నలుపుగా ఉండాలి, నక్షత్రం నలుసంత చుక్కగా ఉండాలి. ఇంకా, వ్యోమగామి బయటికి వెళ్లినప్పుడు అతని ఊపిరి తప్ప మరే శబ్దం లేని నిమిషాలున్నాయి. ఫ్యాను కూడా ఆపి వినండి.

ది రెడ్ షూస్ (1948) గురించి ఇక్కడ తక్కువ మంది మాట్లాడతారు, అది నాకు బాధ. జాక్ కార్డిఫ్ టెక్నికలర్ పద్ధతిలో తీశాడు. ఆ కెమెరాలో ఒకేసారి మూడు నలుపు-తెలుపు నెగటివ్‌లు నడుస్తాయి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులకు ఒక్కొక్కటి. తర్వాత మూడింటినీ రంగులతో ఒకే ప్రింటు మీదికి అచ్చువేస్తారు. ఏళ్లు గడిచేసరికి ఆ మూడు ఫిల్ములూ ఒకే తీరుగా కుంచించుకుపోలేదు, పైగా బూజు పట్టింది. 2009లో పూర్తయిన పునరుద్ధరణలో మూడింటినీ విడివిడిగా స్కాన్ చేసి, కంప్యూటర్‌లో ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చారు. మధ్యలో వచ్చే సుదీర్ఘమైన బ్యాలే చూడండి. ఆ ఎర్ర జోళ్లలాంటి ఎరుపు ఈనాటి డిజిటల్ కెమెరాల్లో నేను ఎన్నడూ రాబట్టలేకపోయాను.

ప్లేటైమ్ (1967). జాక్ తాతీ 70 మిల్లీమీటర్లలో తీసిన ఫ్రెంచి హాస్యచిత్రం. పారిస్ శివార్లలో ఒక చిన్న నగరమంత సెట్టు వేసి తీశాడు. ఇందులో దగ్గరి షాట్లు దాదాపు లేవు. నవ్వు పుట్టించేది ఎక్కడో మూలన ఉన్న వెయిటరు కావచ్చు, వెనక అద్దం అవతల నడుస్తున్న మనిషి కావచ్చు. మూల స్పష్టంగా కనబడకపోతే నవ్వు లేదు. ఐదుసార్లు చూశాను, ప్రతిసారీ ముందు పట్టుబడనిది ఒకటి దొరికింది. మళ్లీ మళ్లీ చూడడానికే తయారైన సినిమాను సొంతం చేసుకోవడం న్యాయం.

సెవెన్ సమురాయ్ (1954) కొనడానికి చివరి పోరాటంలోని వాన ఒక్కటి చాలు, వానంత కష్టమైన పని కుదించే యంత్రానికి మరొకటి లేదు. డన్‌కర్క్ (2017)లో ఎక్కువ భాగం చాలా పెద్ద ఫిల్ము వాడే ఐమాక్స్ కెమెరాలతో తీసింది. డిస్కులో ఆ భాగాలు టీవీ తెర నిండుగా వస్తాయి, మిగతావాటికి పైనా కిందా నల్ల పట్టీలు ఉంటాయి. లోపమనుకుని సెట్టింగులు మార్చకండి.

కొనకూడనివి కూడా చెప్పాలి. డబ్బా మీద 4కే అని ఉన్నంత మాత్రాన లోపల అంత వివరం ఉండదు. 2000 తర్వాత దాదాపు పదిహేనేళ్ల పాటు చాలా పెద్ద సినిమాల తుది ప్రతిని 2కేలోనే, అంటే 4కేలో నాలుగో వంతు చుక్కలతోనే తయారు చేశారు. మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్ (2015) అలాంటిదే. దాని 4కే డిస్కు 2కే నుంచి పెంచిన బొమ్మే. వెలుగు నీడల తేడాను ఎక్కువగా చూపే హెచ్‌డీఆర్ పద్ధతి వల్ల రంగు, మెరుపు బాగుంటాయి కాబట్టి చవకగా దొరికితే కొనండి, లేకపోతే మామూలు బ్లూ-రే చాలు. 28 డేస్ లేటర్ (2002) మంచి సినిమాయే. కానీ దాన్ని చాలావరకు మామూలు వీడియో కెమెరాతో, డీవీడీ స్థాయి స్పష్టతతో తీశారు. లేని వివరాన్ని ఏ డిస్కూ తెచ్చి ఇవ్వలేదు.

మరొక ప్రమాదం గ్రెయిన్ తుడిచేయడం. ఫిల్ము మీద సన్నగా కదిలే ఇసుకలాంటి గ్రెయిన్‌ను చూసి కొందరు బొమ్మ పాడైందనుకుంటారు. గ్రెయిన్ మురికి కాదు, బొమ్మ దానితోనే తయారైంది. దాన్ని తుడిస్తే చర్మం మీది రంధ్రాలు, బట్ట నేత, జుట్టు పోగులు కూడా దానితో పాటే పోతాయి, ముఖాలు మైనపు బొమ్మల్లా తేలతాయి. ప్యాటన్ (1970) సినిమాకు 2008లో వచ్చిన మొదటి బ్లూ-రే ఇందుకే విమర్శల పాలైంది, 2012లో సరిచేసిన ప్రతి వచ్చింది. అందుకని సినిమా పేరు చూసి కొనకండి, ఏ సంవత్సరపు విడుదలో చూసి కొనండి.

ఇదే మాటకు ది ఫ్రెంచ్ కనెక్షన్ (1971) ఇంకా మంచి ఉదాహరణ. 2009 బ్లూ-రే కోసం దర్శకుడు విలియం ఫ్రీడ్కిన్ స్వయంగా రంగులు మార్చాడు. వెలిసిపోయిన, చల్లటి రంగులు వచ్చాయి. ఛాయాగ్రాహకుడు ఓవెన్ రాయిజ్‌మన్ దాన్ని బహిరంగంగా తప్పుపట్టాడు. 2012లో మూలానికి దగ్గరగా ఉన్న ప్రతి వచ్చింది. గ్రేడింగ్ గదిలో దర్శకుడికీ ఛాయాగ్రాహకుడికీ మధ్య ఇలాంటి వాదనలు జరుగుతుండగా నేను నడుమ కూర్చున్న రోజులు చాలా ఉన్నాయి. నా మటుకు నేను తొలి విడుదల ప్రింటు వైపే ఉంటాను, జనం ప్రేమించింది దాన్నే కాబట్టి. ఈ సినిమాకే మరో కథ ఉంది. 2023లో ఆన్‌లైన్‌లో కనిపించిన ప్రతిలో ఒక సన్నివేశంలోని కొంత భాగం కత్తిరించి ఉందని ప్రేక్షకులు గమనించారు. అలా కత్తిరించినట్టు ముందుగా ఎవరూ చెప్పలేదు. పాత డిస్కు ఉన్నవారి దగ్గర మాత్రం సినిమా పూర్తిగా ఉంది.

ప్రాంతాల చిక్కు గురించి మీరు అడగలేదు కానీ తెలియకపోతే డబ్బు పోతుంది. మామూలు బ్లూ-రేలకు ఏ, బీ, సీ అని మూడు ప్రాంతాలున్నాయి. అమెరికా, జపాన్ ఏ కింద, ఐరోపా బీ కింద, మనం సీ కింద వస్తాం. తాళం వేసిన అమెరికా డిస్కు ఇక్కడ కొన్న ప్లేయరులో ఆడదు. 4కే అల్ట్రా హెచ్‌డీ డిస్కులకు ఈ తాళం లేదు, ఎక్కడ కొన్నా ఆడతాయి. అయితే 4కే పెట్టెలో జతగా మామూలు బ్లూ-రే కూడా పెడతారు, అదనపు విశేషాలు చాలాసార్లు దాని మీదే ఉంటాయి. దానికి తాళం ఉండవచ్చు. తొలిరోజుల్లో లండన్‌లో ఉన్న మేనల్లుడి చేత ప్లేటైమ్ తెప్పించుకున్నాను. ప్రాంతం సరిపోదన్న సందేశం తెర మీద చూసి, ఆ డిస్కును మూడేళ్లు అలమరలో ఉంచవలసి వచ్చింది. కాబట్టి విదేశాల నుంచి తెప్పించేటప్పుడు 4కే ప్రతి ఉంటే అదే తీసుకోండి. పార్సిల్ మీద కస్టమ్స్ సుంకం పడవచ్చు, దాన్నీ లెక్కలో వేసుకోండి. బంధువులెవరైనా వస్తుంటే వారి సంచిలో నాలుగు డిస్కులు పెద్ద బరువు కావు.

టీవీలో ఒక్క పని తప్పనిసరిగా చేయండి. కదలికలను నున్నగా చేసే సదుపాయం ఏ పేరుతో ఉన్నా ఆపేయండి. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో తీసింది. టీవీ మధ్యలో సొంత ఫ్రేములు కల్పిస్తే ఒమర్ షరీఫ్ ఒంటె సీరియల్‌లో నడిచినట్టు నడుస్తుంది. ఫిల్మ్‌మేకర్ మోడ్ అని ఉంటే అది పెట్టుకుంటే చాలు. గదిలో టీవీ వెనక చిన్న దీపం తప్ప మిగతావి ఆర్పండి.

డిస్కుల మీద వేలిముద్రలు పడనీయకండి. బ్లూ-రేలో సమాచారపు పొర ఉపరితలానికి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది, డీవీడీలో 0.6 మిల్లీమీటర్లు. పైన గట్టి పూత ఉంటుంది కాబట్టి గీతలు సులభంగా పడవు. కానీ మూడు పొరల 100 గిగాబైట్ల డిస్కు మీద చిన్న జిడ్డు మరక ఉన్నా సినిమా నడుమ ఆగిపోవచ్చు. అలా ఆగితే ప్లేయరు పాడైందనుకోకుండా, మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడిచి మళ్లీ పెట్టండి. పదిలో తొమ్మిదిసార్లు నా దగ్గర అదే పరిష్కారమైంది.

ఇక నాన్నగారి సంగతి. పాత తెలుగు సినిమాలను మూల నెగటివ్ నుంచి శ్రద్ధగా స్కాన్ చేసి, గ్రెయిన్ చెడకుండా ఇచ్చిన డిస్కులు మీకు చూపించగలిగితే ఎంతో సంతోషించేవాడిని. నేను చూపించలేను. మాయాబజార్ (1957)కు 2010లో రంగులద్ది థియేటర్లలో విడుదల చేశారు, జనం ఆదరించారు, ఆ శ్రమను నేను గౌరవిస్తాను. కానీ దాని ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ వెన్నెలను నలుపు-తెలుపులో సృష్టించాడు. 'లాహిరి లాహిరి లాహిరిలో' పాటలో నీటి మీది తళుకు, పడవ అంచు మీది వెలుగు వెండి రంగులో ఉండడమే ఆ పాట అందం. దానికి నీలం పులిమితే వెన్నెల తగ్గింది. ఆ సినిమా నలుపు-తెలుపులో 4కేలో రావాలని నా కోరిక. అపు త్రయానికి కాలిన ముక్కల నుంచి జరిగిన పని చూశాక, మన నెగటివ్‌లకు చేయలేమంటే నేను ఒప్పుకోను. అంతవరకు నాన్నగారికి అపు త్రయం చూపించండి. భాష బెంగాలీ అయినా ఆ వంటిల్లు, ఆ ముసలమ్మ, ఆ వాన ఆయనకు పరాయివి కావు.

కొత్త తెలుగు సినిమాలకు ఒక కారణంతో డిస్కు విలువైనది: భాష. ఆర్‌ఆర్‌ఆర్ (2022) విదేశాల్లో ఒక పెద్ద ఓటీటీలో హిందీ అనువాదంగానే వచ్చింది, అక్కడివారు చాలామంది దాన్ని హిందీ సినిమా అనుకున్నారు. మన మాట మనకు వినబడాలంటే మనదైన ప్రతి మన అలమరలో ఉండడం మేలు. తెలుగు శబ్దం ఉందో లేదో డబ్బా వెనక చదివి కొనండి.

మొదటి రాత్రికి లారెన్స్ మొదటి డిస్కు పెట్టండి, రెండోది మర్నాటికి ఉంచండి. మీ ప్లేయరు మోడల్ నంబరు ఇక్కడ రాస్తే ఏ ప్రాంతపు డిస్కులు ఆడుతుందో చూసి చెబుతాను. అది తేలే వరకు అపు త్రయం అమెరికా బ్లూ-రే ఆర్డరు పెట్టకండి.